సాంబయ్యగారికి జ్వరం రాదు

కోనసీమలో రెండింటిని కాదనడం మహా కష్టం: విస్తట్లో రెండోసారి పడే పనసపొట్టు కూర, చేతికి అందించే పెన్‌డ్రైవు. మొదటిది మన కడుపుతో పోతుంది. రెండోది షాపంతా తిరుగుతుంది. అమలాపురంలో గడియార స్తంభానికి కూతవేటు దూరంలో డీటీపీ, నెట్ సెంటరు పెట్టుకున్నవాణ్ణి కనక ఈ రెండిట్లోనూ నాకు అనుభవం దండిగా ఉంది.

మా షాపులో కంప్యూటర్లన్నీ ఒక జాతివి కావు. ముందు బల్ల మీద దరఖాస్తులకీ హాల్ టికెట్లకీ విండోస్ 10. లోపలి గదిలో శుభలేఖలకీ కరపత్రాలకీ విండోస్ ఎక్స్‌పీ. ఆ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ నీళ్లొదిలేసింది గానీ మేం వదల్లేదు. పేజ్‌మేకరూ అనూ ఫాంట్లూ అందులో కుదురుగా కూర్చున్నాయి, కదిపితే వత్తులు ఎగిరిపోతాయి. శుభలేఖలో ఒక్క వత్తు తప్పితే పెళ్లికూతురి మేనమామ ఊరుకోడు. పండక్కి వచ్చే మా మేనల్లుడి మ్యాక్‌బుక్ అదనం.

వీళ్లందరి ఫైళ్లూ దాచే పెద్దమనిషి మాత్రం మూలగదిలో, జిరాక్స్ కాగితాల కట్టల వెనక ఉంటాడు. పాత డబ్బా, మానిటరు కూడా లేదు. లోపల డెబియన్ లైనక్సు, దాని మీద సాంబా. ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆస్ట్రేలియా ఆయన 1992లో లోకానికి వదిలిన ఈ సాంబా పుణ్యమా అని లైనక్సు యంత్రం విండోసు వాళ్లతో విండోసు యాసలోనే మాట్లాడుతుంది. మా కుర్రాళ్లు దానికి సాంబయ్యగారని పేరు పెట్టేశారు.

ఆయన్ని ప్రతిష్ఠించింది మా మేనల్లుడే. "లైనక్సుకి వైరస్ రాదు మావయ్యా, గుండెల మీద చెయ్యేసుకుని పడుకో" అన్నాడు. పూర్తిగా అబద్ధమనలేం. 1996లో స్టావోగ్, 1997లో బ్లిస్ అని లైనక్సుకీ వైరస్‌లు పుట్టాయి గానీ బతికి బట్టకట్టలేదు. సాంబయ్యగారు నిజంగానే గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నారు. మంచాన పడ్డది మిగతావాళ్లు.

మన కొబ్బరితోటల్లో సర్పిలాకార తెల్లదోమ చేసే పని గుర్తు చేసుకోండి. కొబ్బరాకు అడుగున కూర్చుని రసం పీలుస్తూ కిందికి జిగురు రాలుస్తుంది. చెట్టు చావదు. ఆ జిగురు పడ్డ కింది అరటికీ కోకోకీ మాత్రం ఆకుల నిండా నల్లటి మసి. సాంబయ్యగారిదీ అదే వరస. విండోసు వైరస్ ఆయన ఒంట్లో పనిచెయ్యదు, ఆయన దృష్టిలో అదీ ఒక ఫైలే. ఎవరు దాచమన్నా దాస్తారు, ఎవరడిగినా భద్రంగా తీసి ఇస్తారు. అంత మంచితనమే కొంప ముంచేది.

ఓ సంక్రాంతికి, కనుమ ప్రభల ఫ్లెక్సీలతో షాపు కిటకిటలాడుతున్నప్పుడు, మా కుర్రాడు లోపల్నుంచి కేకేశాడు: "ఏవండోయ్, ఫోల్డర్లన్నిటికీ మూల ఓ చిన్న బాణం వచ్చిందండి!" చూస్తే జగ్గన్నతోట ప్రభల ఫోల్డరు నుంచి నిశ్చితార్థాల ఫోల్డరు దాకా అన్నీ షార్ట్‌కట్లే. సైజు చూస్తే ఒక్కోటీ రెండు కేబీ కూడా లేదు. ముందు బల్ల మీంచే సాంబయ్యగారిలోకి దూరి, 'ఏమేం ఉన్నాయో చూపించు' అనే ఎల్‌ఎస్ ఆదేశం కొడితే అసలు ఫోల్డర్లు ఎక్కడివక్కడే చెక్కు చెదరకుండా ఉన్నాయి. వాటికి వైరస్ 'కనపడొద్దు' అనే గుర్తు తగిలించి, ముందు అదే పేరుతో తన బొమ్మ నిలబెట్టింది. విండోసు ఆ గుర్తుకి గౌరవమిచ్చి కళ్లు మూసుకుంది. లైనక్సుకి ఆ మొహమాటం లేదు, ఉన్నదున్నట్టు చూపించింది. బాణం బొమ్మ నొక్కితే వైరసూ నడుస్తుంది, మనక్కావలసిన ఫోల్డరూ తెరుచుకుంటుంది. మర్యాదస్తురాలు కదా, పని చేసిపెట్టి మరీ దోచుకుంటుంది.

అది పిల్ల వైరస్. 2017 మే 12న వచ్చిన వన్నాక్రై అలాంటిది కాదు. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకి తాళాలేసి, తాళంచెవికి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో అడిగింది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా దాని పాలబడ్డాయి. పోలీసులకే తప్పనిది డీటీపీ సెంటరుకి తప్పుతుందా? అది దూరిన దారి, విండోసు కంప్యూటర్లు ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే ఎస్ఎంబీ అనే మాటామంతీ పాత రకంలో ఉన్న కన్నం. మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మాటు ఇచ్చింది, వేసుకోనివాళ్లు చాలామంది. "చూశావా, విండోసు" అని మా మేనల్లుడు మీసం మెలేస్తుండగానే, మే 24న సాంబాలో కూడా ఏడేళ్లనాటి కన్నం బయటపడింది. మీసం దింపి, మాటు వేసి వెళ్లాడు.

ఇక కాపలాకి క్లామ్‌ఏవీ పెట్టాం. 2002లో పోలండుకి చెందిన తోమాష్ కోయ్మ్ మొదలుపెట్టిన ఉచిత యాంటీవైరస్ అది. దాని చిట్టాలో ఎక్కువ భాగం విండోసు వైరస్‌లే. అంటే సాంబయ్యగారు తనకి రాని జబ్బులకి, పక్కవాళ్ల కోసం కాపలావాణ్ణి పెట్టుకున్నారన్నమాట. ఆ కాపలావాడు ఊరికే కూర్చున్నా ఒక జీబీకి పైగా మెమరీ భోంచేస్తాడు.

వాడు మెలకువగా ఉన్నాడో లేదో చూడ్డానికి ఐకార్ అని ఓ పరీక్ష ఫైలుంది. 68 అక్షరాలు, ఏ హానీ చెయ్యదు, యాంటీవైరస్‌లన్నీ దాన్ని వైరసని పట్టుకోవాలని లోకం ఒప్పందం. పరీక్ష పెట్టాం, పట్టుకుంది, తెర మీద 'దొరికింది' అని వచ్చింది. హాల్ టికెట్టు కోసం నిలబడ్డ ఒకాయన అది చదివాడు. మేం షట్టరు దించేలోపు "వాళ్ల షాపులో వైరస్ పడిందంటండి" అన్న కబురు రావులపాలెం చేరింది. ఆ వేగం వన్నాక్రైకి కూడా లేదు.

2022 మే నెలాఖర్లో కోనసీమలో రోజుల తరబడి ఇంటర్నెట్టు ఆగిపోయింది. ఇంటినుంచి పనిచేసే పిల్లలు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకి ల్యాప్‌టాప్‌లు మోసుకెళ్లారు. నెట్టు లేదు కనక వైరస్ కూడా ఉండదనుకుంటే పొరపాటే. మెయిల్లో రావలసినవన్నీ పెన్‌డ్రైవుల్లో నడిచొచ్చాయి. క్లామ్‌ఏవీ చిట్టా మాత్రం కొత్త పేర్లు అందక మే నెల దగ్గరే ఆగిపోయింది.

దాంతో మేం ఒక ఏర్పాటు చేశాం. షాపులో విండోసు కంప్యూటర్లన్నిటికీ పెన్‌డ్రైవు కన్నాలు మూసేశాం. బయటి పెన్‌డ్రైవు ఏదైనా సాంబయ్యగారికే గుచ్చాలి. ఫైళ్లు 'విడిది' అనే ఫోల్డర్లో దిగుతాయి. తనిఖీ అయ్యాకే లోపలికి. ఎక్స్‌పీ పాత ఎస్ఎంబీ తప్ప ఇంకో మాట రానిది కనక, దానికి ఒకే ఒక్క ఫోల్డరు, చదువుకోవడమే, రాయడానికి వీల్లేదు. రోజూ రాత్రి ఫైళ్లన్నిటినీ వేరే డిస్కులోకి ఎక్కించి, తీగ పీకేసి బీరువాలో పెడతాం. తీగ లేనిదానికి తాళం వెయ్యడం ఏ వైరస్ తరమూ కాదు.

ఈ ఏర్పాటులో అసలు సుఖం వేరే ఉంది. కాదనే పని మనిషి మీద పెడితే కోనసీమలో జరగదు. "ఒక్క పేజీయేనండీ, అరిగిపోద్దా ఏంటండీ" అంటే ఎవరికైనా చెయ్యి చాస్తాం. యంత్రానికి చుట్టాల్లేరు, దానికి అప్పగిస్తే గొడవే లేదు.

మొన్న కొత్తపేట నుంచి మా బావగారు దిగారు. వస్తూనే పెన్‌డ్రైవు తీసి కన్నం కోసం వెతికారు. "నాదేం లేదండి బావగారూ, సాంబయ్యగారు ఒప్పుకోవడం లేదు" అన్నాను చేతులు కట్టుకుని.

బావగారు కళ్లజోడు సవరించుకుని, ఫోను చేతిలోకి తీసుకున్నారు.

"ఎవరాయన? రాజోలు వాళ్లా? నంబరివ్వండి, మనవాళ్ల చేత ఓ మాట చెప్పిద్దాం."