అర్ధ ఓర్కు గాయకుని వంశవర్ణనము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: ఆదివారం అబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు కదా. అక్కడ డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్సు పుస్తకం బేరమాడి కొన్న ఓ అజ్ఞాతకవి, తన పాత్ర వివరాల కాగితం వెనక పెన్సిలుతో రాసుకున్న ఆటవెలది ఇది.

తల్లి యోర్కు, తండ్రి ధరణిపై మానిసి,
బలము రెండు, పాట పలుకు సున్న,
అక్క బావ లెవ్వ రనుట కొక్కటె గడి,
పేవుమెంటు మీద పెద్ద వింత!

టీక: తల్లి యోర్కు = అమ్మ కోరపళ్ళ ఓర్కు జాతిది; తండ్రి = నాన్నగారు; ధరణిపై = యతి కోసం వచ్చింది, అర్థం అడగరాదు; మానిసి = మామూలు మనిషి; బలము రెండు = కండబలానికి రెండు అదనం; పాట పలుకు సున్న = పాటగాడికి కావలసిన ఆకర్షణకు ఏమీ కలవదు; ఒక్కటె గడి = అమ్మమ్మ మొదలు తోడికోడలు దాకా అందరూ సర్దుకోవలసిన పూర్వకథ గడి; పేవుమెంటు మీద = స్పష్టం; పెద్ద వింత = దీని సంగతి చివర.

తాత్పర్యం: కండలున్నవాడు పాడతానన్నాడు, చుట్టాల పేర్లు రాయడానికి చోటు లేదు.

విశేషాలు: 'బలము రెండు' కవి కల్పన కాదు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 నాటి అయిదో కూర్పు లెక్క. ఆ ఆటలో బార్డు, అంటే పాటగాడు, పాటతోనే మంత్రం వేస్తాడు. ఉత్సాహపరిచి జతగాడికి ఆరుముఖాల పాచిక అదనంగా ఇస్తాడు. ఓర్కు రక్తం మనవాడికి బెదిరించే నేర్పు, చావుదెబ్బ తిన్నా ఒక్క పాయింటుతో నిలబడే మొండితనం ఇచ్చింది గానీ శ్రుతి ఇవ్వలేదు. కచేరీకి ఆ రెండూ చాలునని నా అభిప్రాయం. 2024 పుస్తకంలో ఓర్కును ఉంచి అర్ధ ఓర్కును తీసేశారు. అంటే ఆ గడి అవసరం కూడా తీరిపోయింది.

'పెద్ద వింత' దగ్గర కవితో నాకు పేచీ. అబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచి పబ్లిక్ గార్డెన్స్‌లో అడిగినా ఇది వింతేమీ కాదని చెప్పేవారు. అక్కడి లలితకళాతోరణంలో సురభివాళ్ళు మాయాబజార్ ఆడారు. తల్లి హిడింబి రాక్షసి, తండ్రి భీముడు మనిషి, కొడుకు ఘటోత్కచుడు. 1957 సినిమాలో పెళ్ళివంటలు ముందేసుకుని ఎస్వీ రంగారావు నోరు తెరిస్తే మాధవపెద్ది సత్యం గొంతు పలికింది. ఆకర్షణకు సున్న వేసే ధైర్యం ఎవరికుంది? పైగా ఘటోత్కచుడు పాడింది ఊరికే కాదు. సుభద్ర పిన్ని, అభిమన్యుడు తమ్ముడు, శశిరేఖ కాబోయే మరదలు. ఆ పెళ్ళి కుదర్చడానికి వచ్చాడు కనుక పాడాడు. చుట్టరికం తీసేస్తే పాటే లేదు. ఆ నాటకం ఆడే సురభి కూడా 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలై, ఇంటిల్లిపాదీ వేషాలు కడుతూ వచ్చిన కుటుంబమే.

పాఠాంతరం: 'అక్క బావ' బదులు 'అన్న వదిన' అని కొందరు. ఛందస్సుకు రెండూ చెల్లుతాయి. గడిలో రెండూ పట్టవు.