1.5 మిల్లీగ్రాముల వారికి బహిరంగ లేఖ

శ్రీయుత 1.5 మిల్లీగ్రాముల వారి సముఖానికి,
మకాం: లీటరు నీరు, ఫ్లోరైడ్ వరుస, తాగునీటి ప్రమాణాల పట్టిక.

అయ్యా,

చూడటానికి ఇంతే ఉన్నా తమ అధికారం కలెక్టరుకు కూడా లేదు. సీసాడు బోరు నీళ్లు ల్యాబుకెళ్లి వస్తే ఆ ఊరి జాతకం తేల్చేది తమరే. 1.4 వస్తే ఊరు క్షేమం, 1.6 వస్తే ఫైలు.

అసలు భారత ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 1 మిల్లీగ్రామే మేలంటుంది. వేరే నీటివనరు లేనిచోట మాత్రం తమరి దాకా ఒప్పుకుంటుంది. గతిలేనివాడి ఎముకలు యాభై పైసలు ఎక్కువ గట్టివని కాబోలు!

మా జనానికి, ఫ్లోరైడుకు పరిచయం పాతదే. అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల్లో మెడ తిరగని, నడుం వంగని మనుషుల గురించి మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు 1937లోనే ప్రచురించారు. తర్వాత నల్లగొండ పేరు మోగింది. నేలలోని గ్రానైటు రాళ్ల నుంచి ఫ్లోరైడ్ ఊటలోకి దిగుతుంది. బోరు లోతుకు పోయేకొద్దీ ఆ నీళ్లు రాయితో ఎక్కువకాలం కాపురం చేసినవై ఉంటాయి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగిందీ ఈ జిల్లాలోనే. మర్రిగూడ, నాంపల్లి వైపు మెట్ట ఊళ్లకు మాత్రం కృష్ణ దశాబ్దాలపాటు పటంలోని నీలిగీతే. పటికా సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. అది ఆఫ్రికా దాకా వెళ్లింది. జబ్బుకూ మందుకూ ఒకే ఊరిపేరు!

ఇక తమ లెక్క. నీడపట్టున ఫ్యాను కింద కూర్చున్న గుమస్తా రోజుకు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి 3 మిల్లీగ్రాములు. మే ఎండలో వేరుశనగ పీకే కూలీ ఆరు లీటర్లు తాగితే 9. సీసా ఒకటే, రిపోర్టు ఒకటే, ఇద్దరూ తమ కళ్లకు సమానమే. ఎండ ముదిరేకొద్దీ పరిమితి తగ్గాలని అమెరికా ప్రజారోగ్య శాఖ 1962లోనే ఉష్ణోగ్రతల వారీగా పట్టిక వేసింది. తమరు మాత్రం నల్లగొండ మేలోనూ సిమ్లా జనవరిలోనూ కదలరు.

కంచం సంగతి మరీ అన్యాయం. కాల్షియం తక్కువైన ఒంట్లో ఫ్లోరైడ్ ఎముకను త్వరగా పట్టుకుంటుంది. ఒకే బావి నీళ్లు తాగినా పాలూ పెరుగూ ఉన్న ఇంటికి కొంత కాపు. వట్టి జొన్నరొట్టె ఇంట్లో పిల్లాడి కాళ్లు వంకరపోతాయి. మోకాళ్లు లోపలికి ఒరిగి ఒకదానికొకటి రాసుకునే ఈ వంకర గురించి హైదరాబాద్‌ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో రాశారు. పోనీ నీళ్లు కాచి తాగమందామా? ఆవిరైపోయేది నీరే గాని ఫ్లోరైడ్ కాదు. గిన్నెలో మిగిలింది ఇంకా చిక్కన. టీ ఆకూ తన వాటా కలుపుతుంది.

మిషన్ భగీరథ పైపుల్లో నదినీళ్లు వచ్చాయి, సంతోషం. అయితే ఆ పైపు ఇంటి దగ్గరే ఆగుతుంది. పొలంలో దాహమేస్తే మోటారు కింద దోసిలి పట్టేవాళ్లున్నారు. ముందే బిగుసుకున్న వెన్నుకు మంచినీళ్లు తాగించినా అది మళ్లీ వంగదు.

కాబట్టి తమ పక్కన రెండు గడులు చేర్పించుకోవాలని మనవి: ఎన్ని లీటర్లు, ఏ కంచం.

ఇట్లు,
మెట్టప్రాంతపు దాహస్థులు

జత: సీసాడు బోరు నీళ్లు. కాచలేదు.