పెద్దపులికి పక్కా ఇల్లు

హైదరాబాదులో మీరాలం చెరువు పక్కన 380 ఎకరాల్లో పరుచుకున్న నెహ్రూ జూలాజికల్ పార్కు 1963 అక్టోబరు 6న ప్రారంభమైంది. అందులో కాపురముండే పెద్దపులికి ఉన్న సౌకర్యాలను ముందుగా చెప్పుకోవాలి. కూడు, గుడ్డ, నీడ అనే మూడింటిలో పులికి గుడ్డ అక్కర్లేదు. మిగతా రెండూ సర్కారువారే చూసుకుంటారు. మాంసం తూచి మరీ పెడతారు. చాలా జూలలో వారానికి ఒకరోజు ఉపవాసం, అదీ ఒంటికి మంచిదనే. సోమవారం జూకు సెలవు. ఎండలు ముదిరితే కూలర్లు, తడిపిన గోనెపట్టాలు, నీటి తుంపర్లు, ఆ తుంపర్లను ఫొటో తీయడానికి పత్రికలవాళ్లు, అన్నీ ఏటా వేళ తప్పకుండా వస్తాయి. 2021 మేలో ఈ జూలోని ఎనిమిది ఆసియా సింహాలకు కరోనా సోకితే సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పరీక్ష చేసి తేల్చారు. పడక కోసం ఏ సింహమూ ఎమ్మెల్యేగారి సిఫార్సు ఉత్తరం పట్టుకుని తిరగలేదు.

ఇన్ని అమర్చినా పులి నడుస్తూనే ఉంటుంది. ఎన్‌క్లోజర్‌లో కంచె వెంబడి గడ్డి చచ్చిపోయి ఒక బాట పడి ఉంటుంది. పులి ఆ బాట మీద ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లి, ప్రతిసారీ అదే చోట తల అదే వైపుకు తిప్పి, తన అడుగుల్లోనే అడుగు వేసుకుంటూ వెనక్కి వస్తుంది. వేటలేదు, తోడులేదు, పోవాల్సిన చోటూ లేదు. బందీగా ఉన్న జంతువులు ఇలా ఒకే పనిని ప్రయోజనమేమీ లేకుండా తిప్పి తిప్పి చేయడాన్ని శాస్త్రవేత్తలు మానసిక ఇబ్బందికి గుర్తుగా లెక్కిస్తారు. రెయిలింగు ఇవతల నిలబడ్డ తండ్రులు మాత్రం దీన్ని మరోలా వివరిస్తారు: "చూశావురా, తాతయ్యకి డాక్టరు చెప్పినట్టే పొద్దున్నే వాకింగ్ చేస్తోంది!"

ఈ వాకింగుకు కారణం తెలియాలంటే కాస్త లెక్క చూడాలి. 380 ఎకరాలంటే దాదాపు ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు. అడవిలో ఒక మగపులి తన ఇలాకాగా కాపాడుకునేది పదుల చదరపు కిలోమీటర్లు. అంటే ఏనుగుల్ని, మొసళ్లని, టాయ్ ట్రైన్‌ని, ఐస్‌క్రీం బండ్లని, సందర్శకుల్ని ఖాళీ చేయించి జూ మొత్తాన్ని ఒక్క పులి పేర రిజిస్టర్ చేసినా దానికి చాలదు. విదేశాల్లోనూ ఇదే వరస. అడవిలో ఎంత దూరం తిరిగే జంతువైతే జూలో అంత ఎక్కువగా అవస్థ పడుతుందని రాస్ క్లబ్, జార్జియా మేసన్ అనే పరిశోధకులు 2003లో 'నేచర్' పత్రికలో రాశారు. ధ్రువపు ఎలుగుబంటికి జూలు ఇచ్చే జాగా, సహజ ఆవాసంలో దానికి కావలసిన కనీస జాగాలో పది లక్షలో వంతు అని వాళ్లు తేల్చారు. 2008లో 'సైన్స్'లో వచ్చిన ఏనుగుల లెక్క ఇంకా ఇబ్బందికరం. యూరప్ జూలలో పుట్టిన ఆడ ఆసియా ఏనుగుల మధ్యస్థ ఆయుర్దాయం 18.9 ఏళ్లు, మయన్మార్‌లో కలప దుంగలు లాగే ఏనుగులది 41.7 ఏళ్లు. అరవచాకిరీ చేసిన ఏనుగు, కూర్చోబెట్టి మేపిన ఏనుగు కంటే రెట్టింపు బతికింది. మన కేంద్ర జూ ప్రాధికార సంస్థ 2009లోనే ఏనుగులను జూల నుంచి తరలించాలని ఆదేశించింది. ఆదేశం ఫైల్లో పదిలంగా ఉంది, చాలా జూలలో ఏనుగులూ పదిలంగానే ఉన్నాయి.

అయితే జూలలో జంతువులకు ఆయుష్షు తగ్గుతుందని గంపగుత్తగా చెప్పడం సరికాదు. 2016లో 59 జాతుల క్షీరదాలను పరిశీలిస్తే, వాటిలో నూటికి ఎనభైకి పైగా జాతులు అడవిలోకంటే జూలోనే ఎక్కువకాలం బతుకుతున్నాయని తేలింది. ఎక్కువ లాభపడ్డవి త్వరగా పెరిగి త్వరగా పోయే చిన్న ప్రాణులు. కాకపోతే చిన్న ప్రాణుల కోసం ఎవరూ బస్సు మాట్లాడుకుని రారు.

అడవిలో వేటగాళ్ల భయం, జూలో భద్రత అన్నది మరో వాదన. కానీ 2000 అక్టోబరులో ఇదే హైదరాబాద్ జూలో సఖి అనే ఆడపులిని ఎన్‌క్లోజర్‌లోనే చంపి చర్మం ఒలుచుకుపోయారు. అడవిలోనైతే దొంగలు దాన్ని వెతుక్కోవాల్సి వచ్చేది.

అన్నిటికంటే జనాకర్షణ కలది తెల్లపులి. 1951లో రీవా రాజు మార్తాండ్ సింగ్ అడవిలో ఒక తెల్ల పులికూనను పట్టించి మోహన్ అని పేరు పెట్టాడు. మామూలు ఆడపులితో జతకడితే తెల్లకూనలు పుట్టలేదు. రాజుగారు నిరాశపడలేదు, మోహన్‌ను దాని కూతురితోనే జతకట్టించారు. 1958లో తెల్లకూనలు పుట్టాయి. ప్రపంచంలోని జూలలో ఉన్న తెల్లపులుల్లో చాలావరకు ఈ వంశమే. తెల్లపులి వేరే జాతి కాదు. మామూలు పులికే జన్యువులో వచ్చిన తేడా. రంగు నిలబెట్టడానికి దగ్గర బంధువులనే మళ్లీ మళ్లీ కలిపినందువల్ల లోపాలు పేరుకుపోయాయి. రంగును ఇచ్చే ఆ జన్యువే కంటి నరాల దారినీ తప్పిస్తుంది కాబట్టి చాలా తెల్లపులులకు మెల్లకన్ను ఉంటుంది. మనుషుల్లో మేనరికం వద్దని ఆరోగ్యశాఖ గోడల మీద రాయిస్తుంది. అడవుల శాఖ జూలో అంతకంటే దగ్గరి సంబంధాల సంతానం ముందు జనం సెల్ఫీలు దిగుతారు.

జంతువుల గౌరవం విషయంలో మాత్రం దేశం చాలా పట్టుదలగా ఉంది. 2024 ఫిబ్రవరిలో త్రిపుర నుంచి సిలిగురిలోని బెంగాల్ సఫారీకి ఒక సింహాన్ని, ఒక ఆడసింహాన్ని పంపించారు. మగదాని పేరు అక్బర్, ఆడదాని పేరు సీత. వ్యవహారం కలకత్తా హైకోర్టుకు ఎక్కింది, పేర్లు మార్చమని న్యాయమూర్తి సూచించారు, త్రిపురలో ఒక పెద్ద అటవీ అధికారి సస్పెండయ్యారు. సింహానికి ఎన్ని చదరపు మీటర్ల జాగా ఇచ్చారన్న ప్రశ్న ఆ గొడవలో ఎవరికీ తట్టలేదు. పిలిస్తే పలకని జంతువుకు పేరు పెట్టినంత సులువుగా చోటు ఇవ్వలేరు మరి.

జూ వల్ల నిజంగా మేలు పొందినవి వేరే ఉన్నాయి. సర్కస్‌లో పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, చిరుతలు, కోతులతో ఆటలు ఆడించరాదని కేంద్రం 1998లో నిషేధించింది. విడిపించిన సింహాల్లో కొన్ని విశాఖపట్నం, తిరుపతి జూల దగ్గరి సంరక్షణ కేంద్రాలకు చేరాయి. ఆఫ్రికా, ఆసియా రక్తాలు కలిసిన సంకర సింహాలు కావడంతో వాటికి సంతానం కలగకుండా చేశారు. చాలా ఏళ్లు బోనుబండిలో తిరిగిన ఆ ముసలి ప్రాణులకు పడుకోవడానికి నేల దొరికింది.

హైదరాబాద్ జూలో మూషిక జింక సంగతి మరీ మేలు. దట్టమైన అడవిలో ఆకుల మాటున, ఎక్కువగా రాత్రిపూట తిరిగే పిరికి జంతువు ఇది. 2010లో సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాలతో కలిసి గుప్పెడు జంతువులతో పెంపకం మొదలుపెడితే సంఖ్య రెండొందలు దాటింది. 2017 నుంచి వాటిని నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదులుతున్నారు. అక్కడ కూలరు లేదు, డాక్టరు లేడు, చిరుతలు మాత్రం ఉన్నాయి. రాబందుల కేంద్రం కూడా ఇదే జూలో ఉంది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల రాబందులు తుడిచిపెట్టుకుపోతుంటే, 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించి, మిగిలిన రాబందులను పెంచే పని కొన్ని జూలకు అప్పగించారు. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ బుద్ధి పుడితేనే.

ఈ రెండు కేంద్రాలూ జనం తిరిగే దారికి దూరంగా ఉంటాయి. అలికిడైతే మూషిక జింక బెదిరిపోతుంది, రాబందు గూడు వదిలేస్తుంది. టికెట్ కొన్నవాళ్లకు అక్కడ ప్రవేశం లేదు కాబట్టి చిప్స్ ప్యాకెట్లు కూడా పడవు.