సమదృష్టి మాస్టారు

మన మాస్టార్లకు కులం కనిపించదు. ఏ స్టాఫ్ రూములో అడిగినా ఒకటే మాట: "నాకు పిల్లలంతా సమానమేనండీ!" ఆ మాట అనేసి, టీ గ్లాసు కిందపెట్టి, స్కాలర్‌షిప్ ఫారాలు పట్టుకుని క్లాసులోకి వెళ్తారు. "ఎస్సీలు, ఎస్టీలు లేచి నిలబడండ్రా!" లేస్తారు. మిగతావాళ్లు తలలు తిప్పి చూస్తారు. మాస్టారికి కనిపించని కులం క్లాసు మొత్తానికీ కనిపిస్తుంది.

హాజరు పిలుస్తూ ఇంటిపేరు దగ్గర ఆగడం, "మీ నాన్న ఏం చేస్తాడ్రా?" అని ఆరా తీయడం, ఆ జవాబును బట్టి ఆశ పెట్టుకోవడమో వదులుకోవడమో చేయడం... ఇది పక్షపాతం కాదట, అనుభవమట. తండా పిల్లకు లెక్క రాకపోతే "వీళ్లకెక్కడ ఎక్కుతుందిలే". సర్పంచిగారి మనవడికి రాకపోతే "పాపం, ఒంట్లో బాగున్నట్టు లేదు". ఇంట్లో కోయ మాట్లాడే పిల్లవాడు తెలుగులో తడబడితే మొద్దు. మాస్టారు ఇంగ్లీషులో తడబడితే? డిపార్టుమెంటు సరైన ట్రైనింగ్ ఇవ్వలేదు! గది ఊడ్చే పని వచ్చినప్పుడు ఆడపిల్లలే గుర్తొస్తారు, వాళ్లలోనూ కొందరే.

రెమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఈ సమదృష్టికి పరీక్ష పెట్టారు. జవాబు పత్రాల మీద కులం, వయసు, ఆడో మగో అన్న వివరాలను లాటరీ పద్ధతిలో వేసి టీచర్లతో దిద్దించారు. 2012లో అచ్చయిన ఫలితం: తక్కువ కులమని రాసి ఉన్న పేపర్లకు మార్కులు తగ్గాయి. కొంచెమే లెండి. అయితే ఆ కోత ఎక్కువగా పడింది ఆ కులాల నుంచే వచ్చిన టీచర్ల చేతుల్లో. కాబట్టి "నేనూ ఆ బెంచీ నుంచే వచ్చాను" అన్నంత మాత్రాన ఎవరికీ మినహాయింపు లేదు.

2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. చాలామంది బెత్తానికి రిటైర్మెంటు ఇచ్చారు. నాలుక మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలో పేపరు దిద్దేవారికి పిల్లల పేరు కనపడనివ్వరు. మీ సమదృష్టి మీద సర్కారుకున్న నమ్మకం అంత! అందుకని మాస్టారూ, వచ్చే యూనిట్ టెస్టు పేపర్లు పేరు మడిచి దిద్దండి. స్కాలర్‌షిప్ పిల్లల్ని ఇంటర్వెల్లో, ఒక్కొక్కరినే, పేరుపెట్టి పిలవండి.