కాక్‌పిట్‌లో 1.4 లోకల్

మా చిక్కబళ్ళాపురం జిల్లాలో తల ఎత్తితే విమానం, తల దించితే టమాటా. రెండింటి ధరా మా చేతిలో లేదు. 2008 మేలో దేవనహళ్ళి ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచి మా పిల్లల చూపు పైకే ఉంది. అంతకుముందు ఊళ్లో తెలివైన కుర్రాడంటే ఇంజినీరే. విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్ళి మా జిల్లాలోనే ఉండడంతో ఇంకో ఆలోచనకు చోటు దొరకలేదు. ఇప్పుడు చింతామణి టమాటా మండీలో కమీషన్ వ్యాపారి కూడా "మావోణ్ణి పైలట్ చేస్తాండాను" అంటున్నాడు. అదీ మామూలు పైలట్ కాదు. నూట ఎనభై మందిని ఎక్కించుకుని పోయేదాన్ని ఆయన బస్సు లెక్కలో జమకట్టేశాడు. కార్పొరేట్ పైలట్ కావాలట. కంపెనీ యజమాని సొంత జెట్టు నడిపే ఉద్యోగమన్నమాట.

మామూలు ప్రయాణికుల విమానాలు దేవనహళ్ళికి తరలిపోయాక, బెంగళూరు పాత హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టు పెద్దవాళ్ళ సొంత విమానాలకు విడిదిల్లయింది. అక్కడ పైలట్ పని సార్ నిద్ర లేచినప్పుడు మొదలవుతుంది. సార్ సూట్‌కేసు ఎక్కిందా, సార్ ఇడ్లీ వేడిగా ఉందా, మేడమ్‌గారి కుక్కకు గాలి ఆడుతోందా అన్నీ చూసుకోవాలి. సార్ మీటింగు ముగిసేదాకా ఎండలో ఎదురుచూడాలి. మధ్యలో తీరిక దొరికితే విమానం నడపాలి.

ఈ ఉద్యోగానికి అర్హతలు పైకి సూటిగానే ఉంటాయి. పద్దెనిమిదేళ్ళు నిండాలి. ప్లస్ టూలో ఫిజిక్సు, మాథ్సు ఉండాలి. క్లాస్ వన్ మెడికల్ పాసవ్వాలి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ పేపర్లు గట్టెక్కాలి. ఒక్కో పేపర్లో పాస్ మార్కు 70 శాతం. ఆపైన 200 గంటలు గాల్లో తిరిగితే కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికొస్తుంది. ఈ మొత్తానికి అరకోటి దాటుతుంది. హైవే పక్కన భూమి ఉన్నవాడికి ఇది సాధ్యమే. అందుకే పైలట్ సీటు ప్రతిభకే దక్కుతుందని పెద్దలు చెప్పే మాటను నేను ఒప్పుకుంటాను. ఆ ప్రతిభ మొదట పహణిలో కనబడాలి, అంతే.

భూమి లేనివాళ్ళ కోసం సర్కారు ఏమీ చేయలేదనడం అన్యాయం. 1940ల చివర్లోనే జక్కూరులో ప్రభుత్వ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూలు పెట్టారు. మా చిక్కబళ్ళాపురం బస్సు బళ్ళారి రోడ్డు మీద రోజూ దాని పక్కనుంచే పోతుంది. తర్వాత దేవనహళ్ళికి కార్లు దూసుకుపోవాలని అదే రోడ్డు మీద ఎత్తు వంతెన కట్టారు. కట్టాక చూస్తే అది జక్కూరు రన్‌వేకి అడ్డమొచ్చింది. విమానం ఎక్కేవాళ్ళకు దారి వేయబోయి, నడపడం నేర్చుకునేవాళ్ళ దారి కోసేశారు. ఇంత సూటిగా ప్రాధాన్యం చెప్పిన ప్రభుత్వ పత్రం నేనెక్కడా చదవలేదు.

సరే, లైసెన్సు వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం. ఫలానా రకం విమానం మీద అనుభవం తప్పనిసరి అంటుంది కంపెనీ. ఆ విమానం ఉన్నది కంపెనీ దగ్గర. ఉద్యోగం ఇస్తే గానీ అనుభవం రాదు, అనుభవం ఉంటే గానీ ఉద్యోగం ఇవ్వరు. పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదన్న సామెత పుట్టినప్పుడు విమానాలు లేవు గానీ, పుట్టించినాయన ఎవరో హెచ్ఆర్‌లో పనిచేసినవాడే అయ్యుండాలి. ఈ ముడి విప్పడానికి టైప్ రేటింగ్ అని ఇంకో శిక్షణ ఉంది. దానికీ లక్షలే. ఆ లక్షలు ఎవరు పెట్టాలో తేలాక బాండు మీద సంతకం. సంతకం పెట్టేవాడు ఎవరో ముందే తేలిపోయి ఉంటుంది.

మొన్న బాగేపల్లి టీ అంగట్లో ఈ విషయమే నలుగుతోంది.

"ఏమప్పా, మీవోడు పైలట్ అయినాడంటనే?"

"అయినాడు మామా. లైసెన్సు ఉండాది, విమానమే లేదు."

"మావోనికి ట్రాక్టరు ఉండాది, లైసెన్సు లేదు. ఇద్దర్నీ కలిపితే ఒక ఉద్యోగం అయితాది."

ఇంతలో ప్రతిభ పక్షం వాడొకాయన పేపరు మడిచి అందుకున్నాడు. "ఇవన్నీ కాదు స్వామీ. రిజర్వేషన్‌లో వచ్చినోడు విమానం నడిపితే మీరు ఎక్కుతారా?"

ఆ ప్రశ్న ఈ దేశంలో ప్రతి టీ అంగట్లోనూ ఉచితంగా దొరుకుతుంది. ప్రైవేటు కంపెనీ పైలట్ ఉద్యోగాల్లో రిజర్వేషనే లేదని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఏ దారిన వచ్చినవాడైనా ఆరు నెలలకోసారి ఫ్లయింగ్ చెక్‌కు కూర్చోవాలి, ఏటేటా మెడికల్‌కు నిలబడాలి. పరీక్షలో ఆ 70 శాతం కులం అడగదు, ఊరు అడగదు, మేనమామ ఎవరని అడగదు. అవన్నీ అడిగేది పరీక్ష పాసయ్యాకే, ఏసీ గదిలో, కాఫీ ఇచ్చి మరీ.

ఇది మన ఒక్కరి గొడవా కాదు. అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 2030 నాటికి 5,000 మంది కొత్త పైలట్లకు శిక్షణ ఇస్తామనీ, అందులో కనీసం సగం మంది ఆడవాళ్ళూ నల్లవాళ్ళూ ఇతర వర్ణాలవాళ్ళూ ఉండాలనీ 2021లో ప్రకటించింది. శిక్షణలో చోటు అన్నారు గానీ లైసెన్సులో మార్కులు తగ్గిస్తామని ఎవరూ అనలేదు. అయినా అక్కడి టీవీలు విమానాలు రాలిపోతున్నంత గోల చేశాయి. మన దగ్గర పైలట్లలో ఆడవాళ్ళు 15 శాతమనీ, ప్రపంచ సగటు 5 శాతమేననీ 2022లో విమానయాన మంత్రి లోక్‌సభలో చెప్పారు. ఆ లెక్కన మన విమానాలు ప్రపంచం కంటే మూడు రెట్లు ఎక్కువగా రాలాలి. రాలడం లేదంటే ఆకాశానికి టీవీ చూసే అలవాటు లేదనుకోవాలి.

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి కార్పొరేట్ పైలట్ చరిత్రలో ఒక పేజీ తిప్పుదాం. ప్రేమ్ మాథుర్ 1947లో కమర్షియల్ లైసెన్సు తీసుకున్నారు. ఆడమనిషి నడిపితే ప్రయాణికులు భయపడతారని కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి తలుపు వేశాయి. చివరికి తలుపు తీసింది హైదరాబాద్ డెక్కన్ ఎయిర్‌వేస్, అదీ కోపైలట్ సీటు మేరకే. 1949లో నేషనల్ ఎయిర్ రేసు ఆమే గెలిచారు. గెలిస్తే ఏం? కావలసిన గంటలు పూర్తయినా కెప్టెన్ సీటు మాత్రం ఇవ్వలేదు. ఆమె ఆ కంపెనీ వదిలి ఘనశ్యామ్‌దాస్ బిర్లా సొంత విమానం నడిపారు. 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చేరారు. ప్రయాణికులు భయపడతారన్న ఆ ఆడమనిషి చేతిలో దేశంలోని పెద్ద కోటీశ్వరుల్లో ఒకాయన నిశ్చింతగా కూర్చున్నాడు. భయం టికెట్ కొన్నవాళ్ళకే ఉంటుంది కాబోలు, విమానం కొన్నవాళ్ళకు ఉండదు.

ఇక మన సొంత పంచాయితీకి వద్దాం. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం స్థానికుల ఉద్యోగాల బిల్లుకు సరేనంది. ప్రైవేటు సంస్థల్లో మేనేజ్‌మెంట్ పోస్టుల్లో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం లోకల్ వాళ్ళకే. పరిశ్రమలు గగ్గోలు పెట్టేసరికి అదే వారంలో పక్కన పెట్టారు. మళ్ళీ ఎప్పుడు తీస్తారో గానీ, తీసేలోపు ఒక సందేహం తీర్చాలి. కార్పొరేట్ విమానంలో పైలట్లు ఇద్దరు. వాళ్ళు మేనేజ్‌మెంటా, కాదా? మేనేజ్‌మెంటే అయితే సగం, అంటే ఒకరు లోకల్. బాగుంది. కాకపోతే 70 శాతం, అంటే 1.4 మంది. ఆ 1.4ను మేము సర్దుకుంటాం. ఒకడు చింతామణి వాడు, 0.4 బాగేపల్లి వాడు. మిగిలిన 0.6ను కొడికొండ చెక్‌పోస్టు అవతల నుంచి తెచ్చుకోవచ్చు. ఇంట్లో మాట్లాడేది ఎటూ ఒకే భాష.

బిల్లు ప్రకారం లోకల్ అంటే కర్ణాటకలో పుట్టాలి, పదిహేనేళ్ళు ఇక్కడ ఉండాలి, కన్నడ చదవడం రాయడం మాట్లాడడం రావాలి. మా బాగేపల్లి పిల్లలకు ఇందులో ఇబ్బందేమీ లేదు. అమ్మ తెలుగులో తిట్టి బడికి పంపితే, మేష్ట్రు కన్నడంలో తిట్టి ఇంటికి పంపుతాడు. కంట్రోల్ టవర్‌తో ఇంగ్లీషులో మాట్లాడడం ఒక్కటే వాళ్ళు కొత్తగా నేర్చుకోవాలి. మూడు భాషల్లో తిట్లు తినగలిగినవాడి కంటే కార్పొరేట్ పైలట్‌కు తగినవాడు ఎవడుంటాడు?

చిక్కు ఇంకోచోట ఉంది. 2025 జులైలో మా నంది కొండ మీదే సమావేశమైన మంత్రివర్గం బాగేపల్లికి భాగ్యనగర అని పేరు మార్చాలని తీర్మానించింది. రేపు మా కుర్రాడు దరఖాస్తులో పుట్టిన ఊరు భాగ్యనగరమని రాస్తే, బెంగళూరు హెచ్ఆర్ వాణ్ణి చార్మినార్ వాడనుకుని నాన్‌లోకల్ ఫైల్లో వేస్తుంది. హైదరాబాద్ హెచ్ఆర్ వాణ్ణి కర్ణాటక వాడని తిప్పి పంపుతుంది. అలా మావాడు రెండు రాష్ట్రాలకూ సమానంగా నాన్‌లోకల్ అవుతాడు. సమానత్వం సాధించడమంటే ఇదేనేమో.

శాతాల లెక్క మాకు కొత్తేమీ కాదు. మైసూరు మహారాజు 1918లో మిల్లర్ కమిటీ వేశారు. ఏడేళ్ళలోగా పై ఉద్యోగాల్లో సగానికి తగ్గకుండా, కింది ఉద్యోగాల్లో మూడింట రెండొంతులకు తగ్గకుండా బ్రాహ్మణేతరులకు దక్కాలని కమిటీ 1919లో సిఫారసు చేసింది. కమిటీ వేసేనాటికి దివాను మా ముద్దేనహళ్ళి విశ్వేశ్వరయ్యగారే. ఆయన పూర్వీకులది ఆంధ్రలోని మోక్షగుండం. ప్రతిభ దెబ్బతింటుందని ఆయన ఒప్పుకోలేదు, 1918లోనే పదవి వదిలేశారు. ప్రతిభ ఆయన నోట ఉత్త మాట కాదు. దివాను పదవి తీసుకునే ముందు బంధువులందర్నీ పిలిచి, సిఫారసు కోసం నా గుమ్మం తొక్కనంటేనే ఈ పదవి తీసుకుంటానన్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మహారాజూ మొండివాడు కాదు, ఎప్పుడూ ఒకే ఇంటి పిల్లలే పాసవుతుంటే మిగతా ఇళ్ళలో దీపం ఉందో లేదో చూడాలన్నాడు. ఇద్దరూ నిజాయితీపరులే కావడం ఆ తగాదాలోని అందం.

అప్పుడు సగం, మూడింట రెండొంతులు. ఇప్పుడు 50 శాతం, 70 శాతం. వందేళ్ళకు పైగా వాదించి మేము సాధించిన ప్రగతి కింది ఉద్యోగాల్లో మూడు శాతం చిల్లర. పెరగనివి శాతాలు, పెరిగినవి బంధువులు. ఈనాటి ప్రతిభావాదులు విశ్వేశ్వరయ్యగారి రాజీనామాను ఫ్రేము కట్టి గోడకు తగిలించారు. బంధువులకు ఆయన పెట్టిన షరతును మాత్రం అటక మీద పడేశారు.

ఎందుకంటే కార్పొరేట్ పైలట్ ఉద్యోగానికి నోటిఫికేషన్ ఉండదు. కటాఫ్ ఉండదు. ఎంతమంది దరఖాస్తు చేశారో, ఎవరు ఎందుకు రాలేదో చెప్పే కాగితం ఉండదు. ఒక ఫోను ఉంటుంది. "మనవాడే, చూడండి" అని ఒక గొంతు ఉంటుంది. మనం బయట క్యూలో నిలబడి కులానికెంత, ఊరికెంత, ఆడవాళ్ళకెంత అని తన్నుకుంటుంటే, లోపల సీటు నిండిపోయి, సీటు బెల్టు కూడా పెట్టేసుకుని ఉంటుంది. యజమాని మేనల్లుడి కోటా మీద ఏ పార్టీ ధర్నా చేయలేదు, ఏ కోర్టూ స్టే ఇవ్వలేదు. ఈ దేశంలో వంద శాతం అమలయ్యే రిజర్వేషన్ అదొక్కటే.

కంపెనీల వాళ్ళు దీనికి జవాబు సిద్ధంగా పెట్టుకున్నారు. విమానంలో ఉండేది మా ప్రాణం, నమ్మినవాణ్ణే పెట్టుకుంటాం అంటారు. ప్రాణం మీది తీపి ఎవరికైనా ఒకటే. అంత తీపి ఉన్నవాళ్ళు మంచి పైలట్ కోసం ఊరంతా వెతకాలి గానీ, పెళ్ళిపందిట్లో వెతికి ఆపేయకూడదు. గాలికి చుట్టరికం తెలియదు. నంది కొండ పక్కన మేఘం కమ్మినప్పుడు "నేను ఫలానావారి అల్లుణ్ణి" అని చెబితే అది పక్కకు జరగదు.

కాబట్టి ప్రతిభ పక్షం పెద్దలకు నాదొకటే విన్నపం. రిజర్వేషన్ పెట్టమనడం లేదు, మార్కులు తగ్గించమనడం లేదు, 1.4 కూడా వద్దు. ఖాళీ ఉందని పేపర్లో వేయండి. ఎన్ని గంటలు కావాలో రాయండి. టైప్ రేటింగ్ ఖర్చు ఎవరిదో రాయండి. ఎవరిని తీసుకున్నారో, ఏ లెక్కన తీసుకున్నారో గేటు దగ్గర అంటించండి. ప్రతిభ అంత గొప్పదైతే దానికి నోటీసు బోర్డంటే భయమెందుకు?