గరిక పీకి, కొరియా గడ్డి నాటి

ఈమధ్య ఫోన్లలో ఒక కేలండరు తిరుగుతోంది. వసంతంలో లాన్ తొలి కోత ఎప్పుడు వేయాలో చెప్పే ఆకుపచ్చ బొమ్మ అది. మా వెంచరు అసోసియేషన్ వాళ్లు దాన్ని రంగుల్లో అచ్చు వేయించి నోటీసు బోర్డుకు అంటించారు. మార్చి మూడో వారంలో తొలి కోత. ఆకులో మూడో వంతుకు మించి కోయరాదు. బ్లేడు పదును చూసుకోవాలి. తడి మీద మిషను తోలరాదు.

తడి! కాణిపాకం చుట్టుపక్కల, మార్చిలో, తడి! ఆ ఒక్క షరతు పాటించడంలో మాత్రం మా ఇరాల మండలానికి నూటికి నూరు మార్కులు ఇవ్వాలి.

చైత్ర వైశాఖాలు వసంత ఋతువని బళ్లో మేమూ వల్లించాం. కాదనను. మామిడికి వసంతం వస్తుంది, వేపకు వస్తుంది, కోయిలకు వస్తుంది. గడ్డికి మాత్రం రాదు. మా గడ్డి వసంతం ఆషాఢంలో మొదలై కార్తీకం దాకా నడుస్తుంది. నైరుతి కొంత కురిసి పోతే, ఈశాన్యం వచ్చి మిగతా లెక్క తీరుస్తుంది. ఉగాది నాటికి బాహుదా నదిలో కనిపించేది ఇసుక. గట్ల మీద గడ్డికీ ఎండిన చెనిక్కాయ కట్టెకూ రంగులో తేడా ఉండదు. ఇందులో మూడో వంతు కోయమంటారు. మూడో వంతు కాదు, మొత్తం కోసినా గుప్పెడు రాదు. అందులోనూ ఈ ఉగాదికి వచ్చిన సంవత్సరం పేరు పరాభవ.

మరి ఈ మార్చి మూడో వారం ఎక్కడిది? ఆరా తీశాను. డల్లాస్‌ది. మా కార్యదర్శి గారి అబ్బాయి అక్కడ ఇల్లు కొన్నాడు. అక్కడి గడ్డి చలికాలమంతా గోధుమ రంగుకు తిరిగి పడుకుంటుంది. మంచు భయం తీరి నేల వెచ్చబడ్డాక లేస్తుంది. లేచాక కోయాలి. కోయకుండా ఏపుగా పెరగనిస్తే కాలనీ సంఘం నోటీసు పంపుతుంది. అక్కడికి ఆ కేలండరు న్యాయమైనదే. అబ్బాయి శనివారం పొద్దున మిషను తోలుతూ వీడియో పంపుతాడు, నాన్నగారు దాన్ని గ్రూపులో పెడతారు, మేమంతా దండాల బొమ్మలు పెడతాం.

ఇక్కడ ఒక సంగతి. డల్లాస్‌లో ఆ అబ్బాయి అంత శ్రద్ధగా కోస్తున్న గడ్డి పేరు బెర్ముడా. ఆ బెర్ముడా ఏమిటో వృక్షశాస్త్రం చదివిన ఎవరినైనా అడగండి. గరిక. మన వినాయకుడి గరిక. అమెరికాలో ఎండ ఎక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఇళ్ల ముందు ఎక్కువగా పరుచుకుని ఉన్నది అదే. 1960లో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో మన గరికకూ ఆఫ్రికా గరికకూ పెళ్లి చేసి టిఫ్‌వే అనే రకం తీశారు. ఆ రకం పరిచిన ఆటస్థలాలకు, గోల్ఫ్ మైదానాలకు లెక్కలేదు. కొడుకు అక్కడ డాలర్లు పోసి గరిక పెంచుతున్నాడు. తండ్రి ఇక్కడ కూలి ఇచ్చి గరిక పీకిస్తున్నాడు.

అవును, పీకించారు. మా పార్కులో ఎవరూ నాటకుండానే, ఎవరూ నీళ్లు పోయకుండానే గరిక ఉండేది. ఎండలకు చచ్చినట్టు పడి ఉండి, నాలుగు చినుకులు పడగానే లేచేది. దాన్ని కలుపు అన్నారు. వేళ్లతో సహా తవ్వించి, మొండిగా మిగిలిన చోట మందు కొట్టించి, లారీలో కొరియా గడ్డి తెప్పించి చాపల్లా పరిచారు. పీకే పనికి వచ్చిన పెద్దావిడ పార పక్కన పెట్టి అడిగింది: "ఈ గెరికనే గదా సామీ గుడి కాడ కట్ట కట్టి అమ్మేది? దీన్ని ఎందుకు పీకిస్తా ఉండారు?" కార్యదర్శి గారు ఆమెకు ల్యాండ్‌స్కేపింగ్ గురించి చెప్పారు. ఆమె విని, మళ్లీ పార అందుకుంది. కూలి కావాలి కదా.

తర్వాత వినాయక చవితి వచ్చింది. మా వెంచరులో ఇంటింటికీ పూజ. గరిక ఎక్కడ? అందరూ బండ్లెక్కి కాణిపాకం వినాయకుడి గుడి దగ్గరికి వెళ్లి, తాము పీకించిన గడ్డినే కట్టకింతని కొనుక్కొచ్చారు. బేరం కూడా ఆడారట. అనలాసురుణ్ణి మింగి కడుపు మండిపోతున్న స్వామికి చల్లబడటానికి ఇరవై ఒక్క గరికలు చాలాయని కథ చదివి, అక్షింతలు వేసుకుని, సాయంత్రం పార్కులో కొరియా గడ్డి చుట్టూ కట్టిన తాడు అవతల నడిచారు. గడ్డి మీద నడవరాదని బోర్డు ఉంది మరి. ఏకవింశతి పత్రిలో ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వాకుడు, విష్ణుక్రాంత కూడా ఉన్నాయి. మా అసోసియేషన్ కలుపు జాబితా చూశాను. అవన్నీ అందులోనూ ఉన్నాయి. స్వామికి ఏది ఇష్టమో వెతికి మరీ మందు కొట్టిస్తున్నట్టుంది.

కొందరు ఈ బాధంతా ఎందుకని ప్లాస్టిక్ గడ్డి పరిచారు. దాన్ని వాక్యూమ్ క్లీనరుతో ఊడుస్తారు. ఇంతకంటే ఆ విషయం మాట్లాడను.

నీళ్ల సంగతి మాత్రం మాట్లాడాలి. మండు వేసవిలో చదరపు మీటరు పచ్చికకు రోజుకు అయిదారు లీటర్లు కావాలి. సెంటు అంటే 40 చదరపు మీటర్లు. మా పార్కు 10 సెంట్లు. అంటే రోజుకు రెండు వేల లీటర్లకు తక్కువ కాదు. వేసవిలో పాడావు యాభై అరవై లీటర్లు తాగుతుందనుకుంటే, ముప్పై నలభై ఆవుల నీళ్లు. పాలమ్మి పిల్లల్ని చదివించుకునే జిల్లా ఇది. వెయ్యి అడుగులు తోలినా బోరులో దుమ్ము లేచి, మెడలో ఉన్నది కుదువ పెట్టి రెండో బోరు తోలిన రైతులు మా గోడ అవతలే ఉన్నారు. ఆ గోడ ఇవతల స్ప్రింక్లరు తిరుగుతుంది. భూమి కింద గోడ ఉండదు. మనం తోడేది వాళ్ల బోరులోది కూడా. నీళ్లకూ నేలకూ చెట్లకూ కలిపి 2002లో వాల్టా చట్టం చేశారు. అది కూడా మా లాన్ లాగే చూసుకోవడానికి బాగుంటుంది.

కాణిపాకం కథే బావి ఎండిపోవడంతో మొదలవుతుందని గుర్తుందా? గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు. వాళ్ల బావిలో నీరు అడుగంటింది. లోతు చేద్దామని దిగి తవ్వుతుంటే గునపానికి రాయి తగిలింది. ఆ రాయి స్వామి. నీళ్లు లేక తవ్వుకుంటున్న వాళ్లకు దొరికిన దేవుడు ఆయన. ఆ నేల మీద కూర్చుని, చూడటానికి తప్ప మరెందుకూ కాని గడ్డికి ట్యాంకరు తెప్పించడానికి సిగ్గుండాలి. కోసిన గడ్డి ఏం చేస్తున్నారో తెలుసా? నల్ల కవర్లలో కట్టి చెత్తబండిలో వేస్తున్నారు. ఒక మోపు తీసుకుపోతానని గేటు దగ్గర నిలబడ్డ మనిషిని వాచ్‌మన్ పొమ్మన్నాడు. మురికి అవుతుందట. ఆవు కడుపులోకి పోయే గడ్డి మురికి, చెత్తకుప్పలోకి పోయే గడ్డి శుభ్రం!

లాన్ మనది కాదన్నది కూడా నా పేచీ కాదు. బనీను మనదా? పెద్దింటి ముందు గడ్డి ఇంగ్లండులో కూడా ఒకప్పుడు గొర్రెలు మేసిందే, కొడవళ్లు కోసిందే. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్కు, మిల్లులో బట్ట మీది నూగు కత్తిరించే యంత్రం చూసి గడ్డి కోసే మిషను చేశాడు. అక్కడ ఆకాశం నీళ్లు పోస్తుంది కాబట్టి సరిపోయింది. అక్కడే ఇప్పుడు, 2019 నుంచి, మే నెలంతా గడ్డి ముట్టవద్దు, తేనెటీగలు బతకనీయండి అని ప్రచారం చేస్తున్నారు. ఎడారి రాష్ట్రం నెవాడా 2021లో చట్టం చేసి, లాస్ వేగస్‌లో అలంకారానికి పెంచే గడ్డిని ఆఫీసుల ముందు నుంచీ రోడ్ల మధ్య నుంచీ తీసేయమంది. ఈ కేలండరు ఎందుకో మా గ్రూపులోకి రాలేదు.

వచ్చే నెల నుంచి మెయింటెనెన్సులో లాన్ పద్దు అని కొత్తగా ఒకటి కలుస్తోంది. మిషను, మందు, ట్యాంకరు అన్నీ కలిపి. అది నేను కట్టను. ఎందుకు కట్టవని సమావేశంలో నిలదీస్తారట. నిలదీయండి. నాది ఒక్కటే ప్రశ్న: ఆ గడ్డి మీద మీలో ఎవరైనా ఒక్క సాయంత్రం కూర్చున్నారా? కూర్చున్నామంటే ఒప్పుకుంటాను, కానీ సమావేశంలో కాదు. గుడి ఎంతో దూరం లేదు, కోనేట్లో మునిగి స్వామి ఎదుట ప్రమాణం చేసి చెప్పండి. పద్దు ఏడాదికి సరిపడా అక్కడే కట్టేస్తాను.