ఒక కేసెట్టు స్వీయచరిత్ర

వంశప్రశంసతో స్వీయచరిత్ర నారంభించుట పెద్దల సంప్రదాయము గావున, నేనును మావారిని గూర్చి నాలుగు మాటలు చెప్పి పిదప నా కథలోనికి వచ్చెదను. 1976వ సంవత్సరమున జపాను దేశమున జేవీసీ సంస్థవారు లోకమునకు విడిచిన వీహెచ్‌ఎస్ వంశమున నేను పుట్టితిని. అంతకు ముందటి యేడే సోనీవారి బీటామాక్స్ అను జ్ఞాతివంశము వెలసియుండెను. ఉభయులకును నడచిన దాయాదిపోరు, 1988లో సోనీవారే మా తరహా యంత్రములను చేయ నారంభించుటతో, మా పక్షమున ముగిసెను. నా గర్భమున అరంగుళము వెడల్పు గల పాలియెస్టరు పట్టీ రమారమి 258 మీటర్ల పొడవున రెండు చక్రములకు చుట్టుకొనియున్నది. దానిపై బంకలో కలిపి పూసిన ఇనుపభస్మపు రజను గలదు. నా జ్ఞాపకమని మీరు పిలుచునది ఆ రజనులోని రేణువులు అయస్కాంతప్రభావముచే ఏ దిక్కునకు మొగము త్రిప్పి నిలిచినవో ఆ నిలుకడయే గాని వేరొండు గాదు.

1970లో సుల్తాను ఖాబూసు పరిపాలనకు వచ్చిన నాటినుండి ఒమన్ దేశమున రహదారులును, పాఠశాలలును, వైద్యశాలలును వెలయుచుండగా, వానిని కట్టుటకై సముద్రము దాటి వచ్చిన వేలకొలది చేతులలో తెలుగువారి చేతులును గలవు. 1986లో, మస్కట్ నగరమందలి రువి హైస్ట్రీటున ఒక యెలక్ట్రానిక్సు దుకాణపు అద్దాల బీరువాలో నేను ఇంకను ఏమియు నెరుగని ఖాళీ కేసెట్టునై కూర్చుండి యుండగా, నన్ను కొన్నవాడు అట్టివారిలో నొకడు. అతడు కోనసీమవాడు, ఒక నిర్మాణసంస్థలో యెలక్ట్రీషియను. రెండేండ్లకొకసారి గాని సెలవు దొరకని కొలువగుటచే, పగలెల్ల పరుల యిండ్లకు తీగలు లాగి దీపములు వెలిగించు నతడు తన చెల్లెలి పెండ్లిపందిరిలోని దీపమును చూచు భాగ్యమునకు నోచుకొనకపోయెను. సెలవుపై దేశమునకు పోవుచున్న ఒక స్నేహితుని పెట్టెలో, చీరలకును అత్తరు సీసాలకును నడుమ నన్ను పొదిగి, “పెళ్ళంతా దీంట్లో తీయించి పట్రా రా” అని మాత్రము చెప్పి పంపెను. అట్లు నేను బొంబాయి మీదుగా అమలాపురమునకు చేరువనున్న ఒక పల్లెకు చేరితిని.

వ్రాత నాపై నెట్లు పడునో చెప్పక తప్పదు, ఏలయనగా నా కథకు కీలకము అందే యున్నది. నేను యంత్రమున సెకనుకు 2.34 సెంటీమీటర్ల మందగమనమున జరుగుచుండగా, నాకెదురుగ ఏటవాలుగ నిలిచిన లోహపు గుండ్రము నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచు, ఒక్కొక్క చుట్టుకు ఒక్కొక్క చిత్రము చొప్పున, సెకనుకు 25 చిత్రములను నా దేహమునకు అడ్డముగ ఏటవాలు గీతలుగా లిఖించును. రూపము నా నడిదేహమున సుఖముగ నుండును. ధ్వనికి మాత్రము అంతటి యాదరము లేదు. అది నా పై అంచు వెంబడి ఒక మిల్లీమీటరు వెడల్పు గల సన్నని దారిలో నడచును. పట్టీ నలిగినను, తడిసినను మొదట చెడునది అంచే గావున, మనుష్యుల ముఖములకంటె వారి మాటలే నాలో అల్పాయువులని మీరు గ్రహింపవలెను.

పెండ్లిలో జీలకఱ్ఱ బెల్లమును, తలంబ్రాలును, అప్పగింతలును ఎల్ల పెండ్లిండ్లలో వలెనే జరిగినవి. నేను కన్న విశేషము అది గాదు. కెమెరా పట్టినవానిని పెండ్లివారు లోకమునకై చిత్రములు తీయువానిగా గాక, మస్కట్టున నున్న తమ పిల్లవాని కన్నుగా నెంచిరి. అందుచే వానిని చేయిపట్టుకొని పెరటిలోనికి తీసికొనిపోయి క్రొత్తగా ఈనిన ఆవును చూపిరి, వంటవాండ్రు గాడిపొయ్యి చుట్టు తిరుగుటను చూపిరి, ఇంటి వెనుక కాలువగట్టు దనుక సాగిన కొబ్బరితోటను ఈ కొననుండి ఆ కొన వఱకు చూపిరి. పెండ్లికూతురు సిగ్గుతో తలవంచి “అన్నయ్యా” అని యొక్క మాట పలికి ఊరకుండెను. నాయనమ్మ మాత్రము అరుగుపై తిష్ఠవేసి కెమెరా అద్దములోనికి సూటిగ చూచుచు, “ఒరే అబ్బాయ్, రాలేదని దిగులు పెట్టుకోకు. నువ్వు పంపిన డబ్బులతోనేరా ఈ పందిరి. ఎండన పడి తిరక్కు. వేళకి అన్నం తింటున్నావా లేదా?” అని యడిగి, జవాబు వచ్చునట్లే కొంతసేపు ఎదురుచూచెను.

తిరుగు ప్రయాణమున మస్కట్టునందలి సీబు విమానాశ్రయములో అధికారులు నన్ను తమకడ నుంచుకొని, అభ్యంతరకరమైనది ఏదియు లేదని చూచి నిశ్చయించుకొనిన పిమ్మట వదలిరి. ఆ కాలమున వీడియో కేసెట్టులకెల్ల అదియే మర్యాద. భారతదేశమునను ఒమన్‌లోను 625 గీతల పాల్ పద్ధతియే చెల్లుబడి యగుటచే, కోనసీమలో వ్రాసినది మస్కట్టు యంత్రమున చెక్కుచెదరక కనబడెను. మా బంధువులలో అమెరికాకు పోయినవారు అక్కడి ఎన్‌టీఎస్‌సీ యంత్రములలో నోరు పెగలక పడియుండిరని వింటిని. శుక్రవారమున నా యజమాని గదిలోని వారందఱు కూడి నన్ను చూచిరి. వారిలో కరీంనగరువాడును కడపవాడును గలరు. ఎవరికిని ఆ పెండ్లికూతురు చుట్టము గాదు. అయినను కొబ్బరితోట వచ్చినప్పుడెల్ల యంత్రమును వెనుకకు త్రిప్పుమని కడపవాడు కోరుచుండెను. ఆ రాత్రియే నా యజమాని స్క్రూడ్రైవరుతో నా వెన్నున నున్న చిన్న ప్లాస్టికు రెక్కను విఱిచివేసెను. ఆ రెక్క లేని కేసెట్టుపై యంత్రము మరల వ్రాయదు. నా తోడివారిపై సినిమాలును, వానిపై నవంబరు 18 నాటి జాతీయదినోత్సవపు కవాతులును ఒకదానిమీద నొకటి ఎక్కి, తొలినాటి వ్రాతలు నామరూపములు లేక పోగా, నేనొక్కడను ఒక్క రేయి పుణ్యమున నిలిచితిని.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి తూర్పు గోదావరి తీరమును తాకిన తుపాను వేయిమందికి పైగా జనులను బలిగొని, కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టము చేసెను. కాలువగట్టు తోట అందులో పోయినది, అరుగుల యిల్లును పోయినది. నాయనమ్మ అంతకు ముందే గతించెను. అంతవఱకు పెండ్లి కేసెట్టునని పిలువబడిన నేను ఆ దినమునుండి, ఏ ప్రయత్నము లేకయే, ఒక తోటకును ఒక యింటికిని ఉన్న యేకైక సాక్ష్యము నైతిని. అయినను ఆ సంగతి ఎవరికిని తోచలేదు. ఈలోపల యజమాని భార్యను రప్పించుకొనెను, మస్కట్టులోనే కుమార్తె పుట్టి దర్సైతులోని భారతీయ పాఠశాలలో చదువుచుండెను, నేను బీరువా మీది అట్టపెట్టెకు చేరితిని.

2007 జూనున గోను తుపాను ఒమన్‌ను ముంచెత్తినప్పుడు వాదీ అదైలోని మా యింటి క్రింది గదిలో నీరు నిలిచినది. ఎత్తుననుండుటచే మునుగకపోతిని గాని, కరెంటు లేని ఆ దినముల ఉక్కలో నాకు బూజు సోకెను. తేమ సోకిన బంక మెల్లమెల్లగ విడిపోవుట మా జాతికి స్వాభావికమైన వార్ధక్యము. దానికి తోడు మమ్ము చదువు యంత్రములును అంతరించుచుండెను. లోకమున చివరివఱకు వీసీఆర్‌లు చేసిన జపాను ఫునాయ్ సంస్థ 2016 జూలైలో ఆ పని చాలించెను. అయస్కాంతపు టేపులలోని వ్రాతలను శీఘ్రముగ నకలు తీయనిచో శాశ్వతముగ కోలుపోవలసి వచ్చునని 2019లో యునెస్కో పక్షమున హెచ్చరికయు వెలువడెను.

కుమార్తె పెద్దదై ఉద్యోగము చేయుచు, వాడిన వీసీఆర్ నొకదానిని సంపాదించి నా చికిత్సకు పూనుకొనెను. బూజుపట్టిన టేపును అట్లే యంత్రమున పెట్టినచో బూజు యంత్రమునకును, దానినుండి తక్కిన కేసెట్టులకును ప్రాకును గావున, ముందుగ ముక్కునకు ముసుగు కట్టుకొని, ఆరుబయట, నూలుపోగు రాలని గుడ్డతో పట్టీని ఆమూలాగ్రము తుడిచెను. పిదప ఒకసారి ముందునకును ఒకసారి వెనుకకును పూర్తిగ చుట్టి బిగువు సరిచేసి, యంత్రపు శిరస్సులను ఆల్కహాలుతో కడిగెను. వణకెడు గీతలను సరిదిద్దు టైం బేస్ కరెక్టరు అను పరికరము మీదుగా నన్ను కంప్యూటరులోనికి పంపెను. ఈ పనిలో తొందర చెల్లదు. మూడు గంటల టేపునకు మూడు గంటలును పట్టవలసినదే. కుదింపు లేకున్న గంట నిడివికి ఇంచుమించు 75 గిగాబైట్లు కావలెను. ఏమియు పోగొట్టకయే కుదించు ఎఫ్‌ఎఫ్‌వీ1 పద్ధతి నామె యెన్నుకొని, మూడు ప్రతులు చేసి, ఒకటి మస్కట్టున, ఒకటి అమలాపురమున, ఒకటి ఇంటర్నెట్టు నిలువలో నుంచెను.

అంతట తండ్రికిని కుమార్తెకును చిన్న తగవు వచ్చెను. “నాన్నగారూ, ఈ ఆవూ, పెరడూ, వంటవాళ్ళూ తీసేసి పెళ్ళి మాత్రం ఉంచుతాను” అని యామె యనగా, ఆయన, “వద్దమ్మా. నాకు చూపిద్దామనే అవన్నీ తీయించారు. పెళ్ళి ఎవరింట్లోనైనా ఒకటే. ఆ పెరడు మాత్రం మనదే” అనెను. ఆమె కత్తిరింపు మాని కాగితము తీసెను. ఏ నిమిషమున ఎవరు కనబడుదురో వరుసగ వ్రాయ నారంభింపగా, తండ్రి కొందఱిని గుర్తించెను. నాటి పెండ్లికూతురును, ఇపుడు మనుమలను ఎత్తుచున్నదియు నైన మేనత్త అమలాపురమునుండి వీడియో కాలులో మఱికొందఱిని గుర్తించెను. పంక్తిలో విస్తళ్ళు వేయుచున్న ఒక నడివయసువానిని మాత్రము ఇరువురును ఎఱుగరైరి. నాయనమ్మ అతనిని పేరుపెట్టి పిలుచుచున్నట్లు పెదవులు చెప్పుచున్నవి గాని, అక్కడ నా పై అంచు చెడియుండుటచే ఆ పేరు వినరాదు. అతని రూపము నాలో సంపూర్ణముగ నున్నది, అతడెవరో చెప్పుట మాత్రము నా చేతకాదు.

ప్రతులు తయారైనను నన్ను పారవేయలేదు. రేపు మెఱుగైన యంత్రము వచ్చిన నన్ను మరల చదువవచ్చునని ఏసీ గదిలో నిలువుగ నిలిపిరి. నావంటివారు మీ యింట నున్నచో నేను చెప్పవలసినది ఒక్కటే. యంత్రము ఆలస్యముగనైనను ఏ పాతసామానుల యంగడిలోనో దొరకవచ్చును. ముఖములకు పేర్లు చెప్పగలవారు ఏ యంగడిలోను దొరకరు గావున, టేపునకంటె ముందుగ వారిని ఆశ్రయింపుడు. విస్తళ్ళు వేసిన ఆ మనిషి నెఱిగినవారు కాలువకు ఆవలి యూర ఒకరిద్దఱు ఉండవచ్చునని మేనత్త యనుచున్నది. ఆ దృశ్యమును ఫోనులో నెక్కించుకొని కుమార్తె రాబోవు సంక్రాంతికి కోనసీమకు టిక్కెట్టు తీసికొన్నది.